స్లాబు దాటని వైఫై: రెండో రూటర్‌ను కేబుల్‌తో కలిపి పై అంతస్తుకు ఇంటర్నెట్ తెచ్చుకునే విధానం

మా ఇల్లు కింద ఒక అంతస్తు, పైన ఒకటి, ఆ పైన డాబా మీద ఒక గది. ఫైబర్ తీగ కింది హాలులోకి వచ్చింది కాబట్టి రూటర్‌ను కూడా అక్కడే, టీవీ పక్కన గోడకు బిగించారు. హాలులో వేగానికి లోటు లేదు. మొదటి అంతస్తుకు వచ్చేసరికి సగమవుతుంది. వెనక పడకగదిలో ఫోను మీద వైఫై గుర్తు ఒక్క గీతతో కనిపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. అమెరికాలో ఉన్న అక్కతో అమ్మ వీడియోలో మాట్లాడాలంటే మెట్ల మలుపులో కూర్చునేది. ఇంట్లో అందరికీ తెలిసిన సిగ్నల్ చోటు అది. కొన్నాళ్లకు అక్కడ ఒక కుర్చీ కూడా వెలిసింది.

ఏడాదిపాటు అలా నెట్టుకొచ్చాక, మధ్యలో ఒక ఎక్స్‌టెండర్ కొని విసిగాక, చివరికి చేయవలసిన పని చేశాను. కింది రూటర్ నుంచి పైకి ఒక లాన్ కేబుల్ లాగి, దాని చివర అల్మారాలో పడి ఉన్న పాత రూటర్‌ను తగిలించాను. ఒక్క రోజు పని. కేబుల్ లాగడానికి మూడు గంటలు, రూటర్ అమర్చడానికి అరగంట, నేను చేసిన తప్పేమిటో కనుక్కోవడానికి మిగతా రోజంతా పట్టింది. ఆ మిగతా రోజు మీకు మిగలాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

## స్లాబు దగ్గర సిగ్నల్‌కు ఏమవుతుంది

మన ఇళ్ల స్లాబు అంటే కాంక్రీటు, దాని లోపల జానెడు దూరానికి ఒకటి చొప్పున అడ్డంగా నిలువుగా అల్లిన ఇనుప చువ్వలు. వైఫై తరంగాన్ని కాంక్రీటు పీల్చుకుంటుంది, ఇనుము వెనక్కి తిప్పికొడుతుంది. దాని మీద ఇసుక, సిమెంటు, టైల్స్ మరో పొర. ఒక్క స్లాబు దాటేసరికే, వైఫై వాడే పౌనఃపున్యాల్లో ఒకటైన 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ బాగా నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ కొంచెం ఓర్చుకుంటుంది కానీ దాని వేగం తక్కువ, పైగా చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ అందులోనే గుమిగూడి ఉంటాయి. రెండు స్లాబులు దాటాలంటే ఏ ఇంటి రూటర్‌కైనా కష్టమే.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. రూటర్ మీద నిలువుగా నిలబెట్టిన యాంటెన్నా తన చుట్టూ పక్కలకు ఎక్కువగా ప్రసారం చేస్తుంది, కొస వైపు, అంటే నెత్తి మీదకు, చాలా తక్కువ. కాబట్టి రూటర్‌కు సరిగ్గా పైన ఉన్న గదిలోనే సిగ్నల్ అధ్వానంగా ఉండడం వింతేమీ కాదు. రెండు యాంటెన్నాలుంటే ఒకదాన్ని పడుకోబెట్టి చూడండి. ఖర్చు లేని ప్రయత్నం, కొన్ని ఇళ్లలో కాస్త మేలు కనిపిస్తుంది. నాలుగైదు యాంటెన్నాలున్న ఖరీదైన రూటర్ కొంటే సరిపోతుందనుకోవడం మాత్రం భ్రమ. రూటర్ గొంతు పెంచినా ఫోను గొంతు పెరగదు. రూటర్ మాట ఫోనుకు వినిపిస్తుంది, ఫోను జవాబు రూటర్‌కు చేరదు. గుర్తు కనిపించి పేజీ తెరుచుకోకపోవడానికి తరచుగా ఇదే కారణం.

ఎక్స్‌టెండర్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది వైఫైని గాలిలోనే అందుకుని మళ్లీ గాలిలోకే వదులుతుంది. అందుకున్నదే నీరసమైన సిగ్నల్ అయితే వదిలేదీ అంతే. చవక రకాలు ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేస్తాయి కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. మెష్ పరికరాలు, అంటే ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే వైఫైగా కలిసి పనిచేసే పెట్టెలు, ఇంతకంటే చాలా నయం. కానీ అవి కూడా తమలో తాము గాలిలో మాట్లాడుకుంటే అదే స్లాబు మళ్లీ అడ్డం వస్తుంది. మెష్ ఇప్పటికే కొని ఉంటే దాని పెట్టెలను కూడా కేబుల్‌తో కలపండి, చాలా రకాలు ఒప్పుకుంటాయి.

స్లాబును గాలిలో దాటించే పని వదిలేయాలి. దాన్ని తీగ మీద దాటించి, పైన వైఫైని కొత్తగా పుట్టించాలి.

## ఏమేమి కావాలి

పాత రూటర్ ఉంటే అదే చాలు, ఒక్క షరతు: దాని వెనక కేబుల్ పెట్టే పోర్టుల వేగం చూసుకోవాలి. చవక రకాలూ పాతవీ చాలావరకు 100 ఎంబీపీఎస్ పోర్టులతో వచ్చాయి. వాటిలో నికరంగా అందేది 94, 95 దగ్గర ఆగిపోతుంది. మీ ప్లాను 100 ఎంబీపీఎస్ లోపు అయితే అందులో నష్టమేమీ లేదు. 200, 300 ప్లాను తీసుకుని ఉంటే గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, పోర్టులున్న రూటర్ కావాలి. పెట్టె మీద ‘ఏసీ 1200’ అని పెద్ద అక్షరాలు చూసి మోసపోకండి. అది వైఫై సిద్ధాంత వేగాల మొత్తం, పోర్టు వేగం కాదు. ఏసీ 1200 అని రాసి 100 ఎంబీపీఎస్ పోర్టులు పెట్టిన రూటర్లు బజారులో బోలెడున్నాయి.

ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన పాత పెట్టెను వాడదామనుకుంటే అది మీ సొంతమో, తిరిగి ఇచ్చేయవలసినదో ముందు కనుక్కోండి. వాటిలో కొన్నింటికి సెట్టింగులు మార్చే వీలు లేకుండా తాళం కూడా వేస్తారు.

ఇక కేబుల్. దుకాణంలో ‘క్యాట్ 6’ అని అడగండి, ‘పూర్తి రాగి’ అని రెట్టించి అడగండి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన రకం సగం ధరకు దొరుకుతుంది. అది పెళుసు, వంపుల దగ్గర లోపలే తెగుతుంది, దూరం పెరిగితే వేగం నిలవదు. కొనేముందు ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియమే. చుట్ట చేతిలోకి తీసుకున్నా తెలుస్తుంది, అసలుది బరువుగా ఉంటుంది. దానికి ముందు తరం క్యాట్ 5ఈ దొరికినా ఇబ్బంది లేదు. ఒక గిగాబిట్ వేగాన్ని 100 మీటర్ల వరకు అది మోయగలదు, మూడంతస్తుల ఇంటికి ముప్పై నలభై మీటర్లకు మించి పట్టదు.

కొలత తీసుకునేటప్పుడు తాడుతో అసలు దారి వెంబడి కొలవండి. కంటి అంచనాతో కొని రెండు మీటర్లు తక్కువ పడిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. దొరికిన కొలతకు ఇంకో మూడు మీటర్లు కలుపుకోండి. రెండు చివర్లా బిగించే ప్లాస్టిక్ కనెక్టర్లు పది తీసుకోండి, మొదటి రెండు మూడు పాడవుతాయి. కనెక్టర్లను నొక్కి బిగించే క్రింపింగ్ పనిముట్టు, తీగలు సరిగ్గా కలిశాయో చూపే చిన్న లాన్ టెస్టర్ కొనుక్కోవచ్చు, లేదా తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక పూటకు అడగవచ్చు. ఈ తలనొప్పి వద్దనుకుంటే రెండు చివర్లా కనెక్టర్లు బిగించి అమ్మే సిద్ధ కేబుల్ కొనండి. కానీ ఆ కనెక్టర్ తల గోడలో వేసిన సన్నని పైపులో దూరదు, కాబట్టి గోడ వెంబడి బయటే వేయాలి.

## కేబుల్ దారి

ఇల్లు కట్టేటప్పుడు టీవీ, టెలిఫోను కోసం అంతస్తుల మధ్య ఖాళీ పైపు వేసి ఉంటే మీ అదృష్టం. పాత డిష్ కేబుల్ ఇంకా దానిలో ఉంటే దాని కొసకు కొత్త కేబుల్‌ను గట్టిగా టేపుతో చుట్టి, పై నుంచి ఒకరు లాగుతుంటే కింద నుంచి ఒకరు అందించాలి. పాతది బయటికి, కొత్తది లోపలికి ఒకేసారి వెళతాయి. ఆ కేబుల్‌తోపాటు ఒక నైలాన్ తాడును కూడా లాగి వదిలేయండి, మళ్లీ ఎప్పుడైనా ఇంకో తీగ కావలసివస్తే పనికొస్తుంది.

కరెంటు తీగలున్న పైపులోకి మాత్రం దీన్ని దూర్చకండి. చోటుంది కదా అని ఎలక్ట్రీషియన్లే సలహా ఇస్తుంటారు. కరెంటు తీగ తొడుగు ఎక్కడైనా పగిలితే 230 వోల్టులు నేరుగా మీ రూటర్‌లోకి, దాన్ని పట్టుకున్న చేతిలోకి వస్తాయి. ప్రమాదం సంగతి అలా ఉంచినా, పక్కపక్కనే చాలాదూరం నడిస్తే సంకేతంలో రొద చేరుతుంది. కరెంటు లైనుకు ఒక అడుగు దూరం పాటించండి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి.

పైపు లేని ఇళ్లకు మెట్ల గదే మంచి దారి. మెట్ల గోడ మూల వెంబడి సన్నని ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ బిగించి అందులో కేబుల్ వేస్తే చూడడానికీ బాగుంటుంది, స్లాబుకు రంధ్రం వేసే పని కూడా తప్పుతుంది. స్లాబుకు డ్రిల్లు పెట్టడం నాకు ఇష్టం లేని పని. లోపల ఇనుప చువ్వ తగలవచ్చు, ఫ్యానుకు వెళ్లే కరెంటు పైపు తగలవచ్చు, ఆ రంధ్రం సరిగ్గా మూయకపోతే వానాకాలంలో కింద చెమ్మ దిగవచ్చు. గోడకు వేసే రంధ్రంలో అయినా స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా డ్రిల్లు పెట్టకండి, కరెంటు పైపులు సాధారణంగా ఆ గీతలోనే నడుస్తాయి.

బయటి గోడ మీదుగా తీసుకువెళ్లక తప్పకపోతే ఆరుబయట వాడే నల్ల తొడుగు కేబుల్ తీసుకోండి, లేదా మామూలు కేబుల్‌నే పీవీసీ పైపులో వేయండి. ఎండకు మామూలు తొడుగు కొన్నేళ్లలో పెళుసుబారి పగులుతుంది. పైపు వేయడానికి ఇంకో కారణం ఉడతలు. వాటికి కేబుల్ కొరకడంలో ఏం రుచి తెలిసిందో గానీ మా వీధిలో మూడు ఇళ్ల తీగలు తెంపాయి. కేబుల్ గోడలోకి దూరే చోట రంధ్రాన్ని బయటికి వాలుగా వేయాలి, కేబుల్‌ను అక్కడ కొంచెం కిందికి జారవిడిచి మళ్లీ పైకి తెచ్చి లోపలికి పంపాలి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, తీగ పట్టుకుని గదిలోకి రాదు. ఆరుబయట తీగ ఉన్నవాళ్లు ఉరుములు మెరుపుల వేళ రెండు చివర్లా పీకేయడం అలవాటు చేసుకోవాలి. దగ్గర్లో పిడుగు పడితే పోయేది ఒక్క రూటర్ కాదు, తీగకు రెండు వైపులా ఉన్నవన్నీ పోవచ్చు.

కొనలకు కనెక్టర్ బిగించడం చూడడానికి పెద్ద విద్యలా ఉంటుంది గానీ వరుస ఒక్కటి తప్పకపోతే చాలు. కనెక్టర్ క్లిప్పు కిందికి, కేబుల్ మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి రంగులు ఇలా రావాలి:

1. తెలుపు-నారింజ
2. నారింజ
3. తెలుపు-ఆకుపచ్చ
4. నీలం
5. తెలుపు-నీలం
6. ఆకుపచ్చ
7. తెలుపు-గోధుమ
8. గోధుమ

రెండు చివర్లా ఇదే వరుస. ఎక్కువగా తప్పేది నాలుగు, ఐదు, ఆరు దగ్గర, ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరుతుంది కదా. తీగల పురిని అవసరానికి మించి విప్పకండి. బయటి తొడుగు కూడా కనెక్టర్ లోపలికి కాస్త వెళ్లి నొక్కులో పడాలి, లేకపోతే లాగినప్పుడల్లా తీగలు వదులవుతాయి. టెస్టర్ పెడితే 1 నుంచి 8 వరకు దీపాలు రెండు వైపులా ఒకే వరుసలో వెలగాలి. ఒక్కటి వెలగకపోయినా కోసేసి మళ్లీ బిగించండి. ‘నెట్ వస్తోందిగా’ అని వదిలేయకండి: 100 ఎంబీపీఎస్‌కు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒకటి తెగినా నెట్ వస్తూనే ఉంటుంది, వేగం మాత్రం 100 దగ్గర ఆగిపోతుంది. కారణం తెలియక మీరు ఇంటర్నెట్ సంస్థకు ఫోన్లు చేస్తూ ఉంటారు.

## రెండో రూటర్‌కు పదవి తగ్గించడం

అసలు కథ ఇక్కడుంది. ఇంట్లో ఒక ఫోను వైఫైకి కలిసిన వెంటనే రూటర్ దానికి ఒక చిరునామా ఇస్తుంది, 192.168.1.23 లాంటిది. ఆ చిరునామాలు పంచే విభాగం పేరు డీహెచ్‌సీపీ. బజారు నుంచి తెచ్చిన ప్రతి రూటర్ తానే ఇంటికి పెద్ద అనుకుంటుంది, తానే చిరునామాలు పంచుతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. రెండో రూటర్‌ను ఉత్త వైఫై స్తంభంగా మార్చి, పంపకం పని మొదటిదానికే వదిలేయాలి.

నేను ఆ పని సగమే చేశాను. పంపకం ఆపాను, రూటర్ సొంత చిరునామా మార్చడం మరిచిపోయాను. కింది రూటర్ 192.168.1.1, పైదీ 192.168.1.1. కలిపిన పది నిమిషాలు అంతా బాగుంది. తరవాత ఒక్కో ఫోనులో నెట్ పోవడం, రావడం. కింద టీవీ ఆగిపోతే పైన ల్యాప్‌టాప్ నడుస్తుంది, రూటర్ ఆపి మళ్లీ వేస్తే తారుమారు. ఒకే ఇంటి నంబరుతో వీధిలో రెండు ఇళ్లుంటే పోస్టుమ్యాన్ ఏం చేస్తాడో నా నెట్‌వర్క్ అదే చేసింది. సాయంత్రానికి గానీ విషయం తట్టలేదు.

ఈ పనంతా రెండో రూటర్‌ను పైకి తీసుకువెళ్లకముందే, కింద టేబుల్ మీద పెట్టుకుని చేయండి. ల్యాప్‌టాప్ ఉంటే తేలిక. ఫోనుతో చేస్తే మొబైల్ డేటా ఆపేయండి. లేకపోతే ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు’ అనుకుని ఫోను దానంతటదే డేటాకు దూకేస్తుంది, రూటర్ పేజీ తెరుచుకోదు.

ముందుగా కింది రూటర్ చిరునామా తెలుసుకోండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ ఆదేశాన్ని ఆంగ్ల అక్షరాల్లో కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని చూపించేదే అది. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై పేరు వివరాల్లో గేట్‌వే అని ఉంటుంది. చాలా ఇళ్లలో 192.168.1.1, జియోఫైబర్ ఇళ్లలో 192.168.29.1. ఆ చిరునామాను బ్రౌజర్‌లో కొట్టి లోపలికి వెళ్లి, డీహెచ్‌సీపీ పేజీలో ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య వరకు పంచుతోందో చూడండి. 2 నుంచి 254 వరకు అని ఉంటే మొదటి సంఖ్యను 20కి మార్చి సేవ్ చేయండి. 2 నుంచి 19 వరకు మనకు ఖాళీగా మిగులుతాయి, రెండో రూటర్‌కు 2 ఇద్దాం.

ఇప్పుడు రెండో రూటర్. కరెంటు ఇచ్చి, వెనక ఉన్న రీసెట్ రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టుకోండి. పాత సెట్టింగులు తుడిచిపెట్టుకుపోతాయి. కింది రూటర్‌కు ఇంకా కలపకుండా, ల్యాప్‌టాప్‌ను దీని లాన్ పోర్టుకు (ఇంట్లోని పరికరాలను కలిపే పోర్టుకు) ఒక చిన్న కేబుల్‌తో కలపండి. లోపలికి వెళ్లే చిరునామా, పాస్‌వర్డు దాని అడుగున ఉన్న చీటీ మీద ఉంటాయి.

మెనూలో ఆపరేషన్ మోడ్ అనే పేజీ ఉండి, అందులో యాక్సెస్ పాయింట్ (పైన చెప్పిన ఉత్త వైఫై స్తంభం ఇదే) అనే ఎంపిక కనిపిస్తే మీ పని ముప్పావు వంతు అయిపోయినట్లే. అది ఎంచుకుని, వైఫై పేరు, పాస్‌వర్డు ఇచ్చి సేవ్ చేస్తే రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. పంపకం ఆపడం, పదవి తగ్గించుకోవడం అన్నీ అదే చూసుకుంటుంది. తరవాత దాని చిరునామా మారిపోతుంది కాబట్టి మళ్లీ లోపలికి వెళ్లాలంటే కింది రూటర్‌లో కలిసి ఉన్న పరికరాల జాబితా చూసి పట్టుకోవాలి. మీ ఇంటర్నెట్ సంస్థ పెట్టె డీహెచ్‌సీపీ పేజీని మార్చనివ్వకపోయినా ఈ దారిలో ఇబ్బంది ఉండదు.

ఆ మోడ్ లేని పాత రూటర్లకు చేత్తో చేయాలి. ఇక్కడ వరుస ముఖ్యం, తిరగేస్తే మధ్యలో బయట చిక్కుకుంటారు.

1. ముందు వైఫై పేజీకి వెళ్లి పేరు, పాస్‌వర్డు పెట్టి సేవ్ చేయండి. భద్రత డబ్ల్యూపీఏ2, ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్.
2. రూటర్‌లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డు మార్చండి. చీటీ మీదిది అలాగే వదిలేయకండి.
3. లాన్ పేజీలో ఐపీ చిరునామాను 192.168.1.2గా మార్చండి. మీ కింది రూటర్ 192.168.29.1 అయితే 192.168.29.2 అవుతుంది. మొదటి మూడు భాగాలు కింది రూటర్‌తో అచ్చంగా కలవాలి, చివరిది మాత్రమే తేడా. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అలాగే ఉంచండి.
4. రూటర్ మళ్లీ మొదలయ్యాక, కేబుల్ ఒకసారి పీకి పెట్టి, కొత్త చిరునామాతో లోపలికి వెళ్లండి.
5. చిట్టచివరన డీహెచ్‌సీపీ సర్వర్‌ను ఆపేసి సేవ్ చేయండి. ఇకపై ఈ రూటర్ ఒంటరిగా ఎవరికీ చిరునామా ఇవ్వదు, ల్యాప్‌టాప్ ఒక్కటే కలిపితే పేజీ తెరుచుకోదు. కంగారు పడకండి, అదే మనకు కావలసింది.

కేబుల్ ఎక్కడ పెట్టాలి? చేత్తో చేసిన పద్ధతిలో కింది రూటర్ లాన్ పోర్టు నుంచి పై రూటర్ లాన్ పోర్టుకు. బయటి ఇంటర్నెట్ తీగ కోసం వేరే రంగులో ఉండే వాన్ పోర్టు ఖాళీగా ఉండాలి. దాని మీద టేపు అంటించండి, లేకపోతే ఏ ఆర్నెల్లకో ఇల్లు దులిపేటప్పుడు ఎవరో ఒకరు అందులోకి మార్చి పెడతారు. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో చాలా రూటర్లకు వాన్ పోర్టు కూడా మామూలు పోర్టుగా మారిపోతుంది కాబట్టి ఎందులో పెట్టినా నడుస్తుంది.

ఇవేవీ చేయకుండా నేరుగా వాన్ పోర్టులో కేబుల్ పెట్టినా నెట్ వస్తుంది కదా అని ఎవరైనా అంటారు. వస్తుంది, కానీ ఇంట్లో రెండు కాపురాలు ఏర్పడతాయి. పైన ఉన్న ఫోను నుంచి కింది టీవీకి వీడియో పంపలేరు, పై ల్యాప్‌టాప్‌కు కింది ప్రింటర్ దానంతటది కనిపించదు, కొన్ని ఆటలు మొరాయిస్తాయి. పైగా రెండు రూటర్లూ ఒకే 192.168.1 వరుసలో ఉంటే నెట్ కూడా రాకపోవచ్చు.

## పేరు ఒకటా, రెండా

మొదటి వారం వేరు పేరు పెట్టండి, చివర ‘పైన’ అనే అర్థం వచ్చేలా. ఏ గదిలో ఏ రూటర్ అందుతోందో, ఏది బాగుందో తేలుతుంది. తరవాత రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు, ఒకే రకం భద్రత పెట్టండి. మూడింటిలో ఏది తేడా వచ్చినా ఫోను వాటిని వేర్వేరు వైఫైలుగానే చూస్తుంది.

పేరు ఒకటైనంత మాత్రాన మెట్లెక్కగానే ఫోను పై రూటర్‌కు మారిపోదు. మారడమా మానడమా అన్నది నిర్ణయించేది రూటర్ కాదు, ఫోను. కింది రూటర్ సిగ్నల్ కొనఊపిరితో ఉన్నా కొన్ని ఫోన్లు దాన్నే పట్టుకుని వేలాడతాయి. దీనికి మందు చాలామందికి వింతగా తోస్తుంది: రెండు రూటర్ల ప్రసార శక్తినీ ఎక్కువ నుంచి మధ్యస్థానికి తగ్గించండి. దూరం వెళ్లగానే పాత సిగ్నల్ తొందరగా బలహీనపడి, ఫోను కొత్తదాన్ని వెతుక్కుంటుంది. రెండు రూటర్లలోనూ ఫోను ఒకదాని నుంచి ఇంకోదానికి మారడానికి సాయపడే 802.11కె, 802.11వి లాంటి ఎంపికలుంటే వేయండి. ఆ మార్పును వేగంగా జరిపించే 802.11ఆర్ వేస్తే పాత పరికరాలు కొన్ని కలవడానికి మొండికేస్తాయి, వేసి చూసి ఇబ్బంది అనిపిస్తే తీసేయండి.

ఛానల్ (గాలిలో రూటర్ వాడే వరుస) ఎంపికను ఆటోకు వదిలేయకండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోగలిగినవి మూడే: 1, 6, 11. కింద 1, పైన 6 పెట్టండి, డాబా గదిలో మూడోది పెడితే దానికి 11. వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 40 పెడితే వేగం పెరుగుతుందని మెనూ ఆశ చూపిస్తుంది, ఇరుకు వీధుల్లో పొరుగు రూటర్లతో గొడవే పెరుగుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు విశాలం, కింద 36, పైన 149 పెట్టుకుంటే 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో హాయిగా నడుస్తాయి. 52 నుంచి 144 వరకు ఉన్నవి కూడా మన దేశంలో 2018 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. కానీ అవి రాడార్లతో పంచుకునే ఛానళ్లు. రూటర్ మొదలయ్యేటప్పుడు కనీసం ఒక నిమిషం చెవి రిక్కించి వింటుంది, రాడార్ సంకేతం అనిపిస్తే మధ్యలోనే వేరే ఛానల్‌కు తప్పుకుంటుంది. ఇంట్లో వాడకానికి ఆ సంత అవసరం లేదు.

పై రూటర్‌ను ఎక్కడ పెట్టాలన్నది కేబుల్ ఎక్కడ తేలిందన్న దాన్ని బట్టి చాలామంది నిర్ణయిస్తారు. ఇంకో ఐదు మీటర్లు లాగి అంతస్తు మధ్యకు తీసుకువెళ్లండి. కింది రూటర్‌కు సరిగ్గా పైన వద్దు. గోడ మీద, తల ఎత్తుకు పైన, ఇనుప బీరువాకూ నిలువుటద్దానికీ దూరంగా ఉండాలి. అందం కోసం చెక్క అల్మారాలో పెట్టి తలుపు మూస్తే వేడెక్కడం కూడా తోడవుతుంది.

## పరీక్ష

ముందు తీగను, తరవాత గాలిని పరీక్షించాలి. ల్యాప్‌టాప్‌ను పై రూటర్ లాన్ పోర్టుకు కేబుల్‌తో కలిపి వేగం చూడండి. కింద ఎంత వస్తుందో ఇక్కడా దాదాపు అంతే రావాలి. 300 ప్లానులో 94 దగ్గర ఆగిందంటే 100 ఎంబీపీఎస్ పోర్టు ఎక్కడో ఉంది, లేదా ఒక తీగ తెగింది. విండోస్ ఈథర్‌నెట్ వివరాల్లో లింక్ స్పీడ్ 1000 బదులు 100 అని చూపిస్తుంది, అది ఆ ల్యాప్‌టాప్‌కూ పై రూటర్‌కూ మధ్య ఉన్న లింకు. గోడలోని కేబుల్ సంగతి తేలాలంటే దాని పై కొసను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి చూడాలి.

తీగ సరిగ్గా ఉందని తేలాక ఫోను పట్టుకుని గదులన్నీ తిరగండి. వైఫై అనలైజర్ లాంటి యాప్‌లో సిగ్నల్ బలం మైనస్ సంఖ్యల్లో కనిపిస్తుంది. మైనస్ 50 అంటే భేషుగ్గా ఉన్నట్లు, మైనస్ 67 వరకు వీడియో కాల్‌కు ఢోకా లేదు, మైనస్ 75 దాటితే కష్టాలు మొదలవుతాయి. చివరగా ఎవరికైనా వీడియో కాల్ చేసి మాట్లాడుతూ మెట్లెక్కి దిగండి. మారేచోట బొమ్మ ఒకటి రెండు సెకన్లు బిగుసుకోవడం మామూలే.

## కుదరకపోతే

ఫోను కలుస్తుంది, నెట్ రాదు, దాని చిరునామా 169.254తో మొదలవుతోంది: దానికి ఎవరూ చిరునామా ఇవ్వలేదు. కేబుల్ వాన్ పోర్టులో ఉండి ఉంటుంది, లేదా కొస వదులై ఉంటుంది.

కొన్నిటికి వస్తోంది, కొన్నిటికి రావడం లేదు, రోజుకో తీరు: నా కథే. రెండు రూటర్లకూ ఒకే చిరునామా ఉంది, లేదా రెండోది ఇంకా పంపకం మానలేదు.

ఇల్లంతా ఒక్కసారిగా స్తంభించి, రూటర్ దీపాలన్నీ పిచ్చిగా మిణుకుతున్నాయి: రెండు రూటర్ల మధ్య రెండు కేబుళ్లు పెట్టారు. పిల్లలు ఖాళీగా వేలాడుతున్న కొసను చూసి ఖాళీ పోర్టులో పెట్టేస్తారు. అదే సమాచారం గుండ్రంగా తిరుగుతూ ఊపిరాడనివ్వదు. ఒకటి పీకితే క్షణాల్లో సర్దుకుంటుంది. మూడో రూటర్‌ను రెండోదాని లాన్ పోర్టు నుంచి పొడిగించడం తప్పు కాదు, వలయం ఏర్పడకూడదు, అంతే.

పై వాటాలో అద్దెకున్నవాళ్లకు నెట్ ఇవ్వడానికే ఇదంతా చేస్తున్నారా? అయితే ఒక్క మాట. ఈ పద్ధతిలో వాళ్లూ మీరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటారు, మీ సీసీ కెమెరాలు, ప్రింటరు వాళ్లకు కనిపిస్తాయి. పై రూటర్‌లో గెస్ట్ వైఫై పెట్టినా యాక్సెస్ పాయింట్ మోడ్‌లో అది చాలా రూటర్లలో పూర్తి అడ్డుగోడ కాదు. వాన్ పోర్టులో పెట్టినా వాళ్ల పరికరాలు మీకు కనిపించవు గానీ మీవి వాళ్లకు అందుబాటులోనే ఉంటాయి. కనెక్షన్ మీ పేరు మీద ఉంది కాబట్టి దాని మీద ఎవరు ఏం చేసినా ముందు అడిగేది మిమ్మల్నే. వాళ్ల కనెక్షన్ వాళ్లు తీసుకోవడమే మంచిది.

ఇక కరెంటు. పై రూటర్ నడవాలంటే కింది రూటర్, ఫైబర్ పెట్టె కూడా బతికి ఉండాలి. కాబట్టి ఇన్వర్టర్ లేని ఇళ్లలో చిన్న రూటర్ యూపీఎస్ ఒకటి పైనా, ఒకటి కిందా కావాలి. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి. ఎక్కువ రూటర్లు 12 వోల్టులు, కొన్ని 9. తొమ్మిది వోల్టుల రూటర్‌కు 12 ఇస్తే కాలిపోవచ్చు. యూపీఎస్ మీది ఆంపియర్లు అడాప్టర్ మీది వాటికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి.

అంతా అయ్యాక ఒక కాగితం మీద రెండు రూటర్ల చిరునామాలు, ఛానళ్లు, కేబుల్ ఏ పోర్టు నుంచి ఏ పోర్టుకు వెళుతోందో రాసి, మీటరు బోర్డు తలుపు లోపలి వైపు అంటించండి. అడ్మిన్ పాస్‌వర్డు మాత్రం దాని మీద రాయకండి, ఆ తలుపు కరెంటు బిల్లు కొట్టే అతను కూడా తెరుస్తాడు.